నీటి లెక్క చెప్పని యేకాంతము

ఇటీవల ఇంగ్లీషు భాషలో ఎడారివాసమును గూర్చిన రచనలు విశేషముగ వెలువడుచున్నవి. పడకయు, పొయ్యియు, నీటితొట్టియు, మరుగుదొడ్డియు తనలోనే యిముడ్చుకొన్న మోటారుబండి నొకదానిని తోలుకొని పోయి, విద్యుత్తుతీగలకును నీటిగొట్టములకును దూరమైన బయలునందు పదిదినములు నిలిచి, పగలు కొండలపై నడచి, రాత్రి నక్షత్రములను జూచి, తిరిగివచ్చి వ్రాసిన వృత్తాంతము లివి. ఆ బండిని మనము ఇంటిబండి యందము. ఈ విధమగు మకామును అమెరికావారు ‘బూన్‌డాకింగు’ అని పిలుతురు. ఫిలిప్పైన్సు దీవులలోని తగలోగు భాషయందు ‘బుందోక్’ అనగా కొండ. అచ్చటికి యుద్ధమునకు బోయిన అమెరికా సిపాయిలు ఆ మాటను నేర్చి యింటికి దెచ్చిరి. ఒక జాతివారి కొండ మరియొక జాతివారి నోట ‘ఎవ్వరును లేని మారుమూల’ యైనది. ఈ చిన్నమాట చరిత్రలోనే మేము చేయదలచిన విమర్శకు వలసిన విషయము కొంత యిమిడియున్నది.

ఇది మనకు సంబంధింపని విషయ మని చదువరులు తలపవలదు. కాలిఫోర్నియా రాష్ట్రమున ఉద్యోగములు చేయుచున్న తెలుగువా రనేకులు గలరు. వారిలో కొందరు సెలవు దినములలో ఇంటిబండి నద్దెకు గొని, పిల్లలతో గూడ ఈ బయళ్ళకు బోవుచున్నారు. వారు పంపు వ్రాతలను, చిత్రములను ఇక్కడ తలిదండ్రులు చూచి సంతోషించుచున్నారు. కావున ఈ రచనల గుణదోషములను విచారించుట మన గృహస్థులకును ఉపయోగకరమే.

ఎడారిని గూర్చి వ్రాయువారి నడుగవలసిన ప్రశ్నలు మూడని మా యభిప్రాయము. మీరు త్రాగిన నీ రెక్కడిది? మీరు విడిచిన మురుగు ఎక్కడికి బోయినది? మీకు బూర్వ మచ్చట నివసించినవా రెవ్వరు, వా రేమైరి? ఈ మూడింటికి సమాధానము చెప్పు గ్రంథము వర్ణనలో గొంత వెనుకబడినను సద్గ్రంథమే. చెప్పని గ్రంథము ఎంత సొగసైనదైనను అసంపూర్ణము. ఈ వాదమును ఒక్క ప్రదేశమును బట్టి పరీక్షించి చూతము.

కాలిఫోర్నియా తూర్పుభాగమున ఓవెన్సు లోయ యనునది కలదు. దానికి పడమట సియెరా నెవాడా పర్వతములు. అందలి విట్నీ శిఖరము 4,421 మీటర్ల యెత్తు గలది. తూర్పున వైటు పర్వతములును, ఇన్యో పర్వతములును నిలిచియున్నవి. పసిఫిక్ సముద్రమునుండి వచ్చు మేఘములు సియెరా శిఖరములమీదనే తమ భారమును దించుకొనును. అందుచే లోయలోని బిషప్ పట్టణమున సంవత్సరమునకు గురియు వాన సుమారు 13 సెంటీమీటర్లు మాత్రమే. లోయకు ఉత్తరమున సుమారు 7,60,000 సంవత్సరముల క్రిందట మహాస్ఫోటము సంభవించి నేల క్రుంగెను. అప్పు డెగసిన మండుబూడిద పేరుకొని గట్టిపడి విశాలమైన పీఠభూమి యయ్యెను. దక్షిణమున రెడ్‌హిల్ అను చిట్టెపు గుట్ట ఎఱ్ఱని కుండను బోర్లించినట్లుండును. దాని సమీపముననే హిమయుగమునాటి ఓవెన్సు నది నల్లని లావారాయిని నునుపుచేసి గుండములుగ దొలిచిన చోటొకటి కలదు. దానికి ‘ఫాసిల్ ఫాల్స్’ అని పేరు. అనగా శిలయై మిగిలిన జలపాతము. అచ్చట నిప్పుడు జలపాతపు రూపమే కాని జలము లేదు.

ఇంటిబండ్లవారు మకాము చేయుటకును, కాలినడకను తిరుగుటకును మిక్కిలి యిష్టపడు ప్రదేశములలో నిదియొకటి. అచ్చటి నేలపై నడచుట మన పొలముగట్లపై నడచుటవంటిది కాదు. లావారాయి యంచులు కత్తులవలె నుండును. చిట్టెపు గుట్టపై రెండడుగు లెక్కినచో ఒక యడుగు జారును. నల్లరాయి పగలెల్ల ఎండను మ్రింగి, ప్రొద్దుగ్రుంకిన పిదపను సెగ గ్రక్కుచుండును. పడిన కొద్దివాన పగుళ్ళలోనికి ఇంకిపోవును. గాలి పొడిగా నుండుటచే చెమట పట్టినట్లు తెలియకయే ఆరిపోవును. దాహము తోచకమునుపే దేహము ఎండిపోవును. అందుచేతనే అమెరికా జాతీయోద్యానముల శాఖవారు ఎడారిలో మనిషికి దినమునకు కనీస మొక గాలను, అనగా సుమారు 3.8 లీటర్ల నీరు, త్రాగుటకే యుంచుకొనవలె నని హెచ్చరించుచుందురు.

ఇప్పుడు గృహస్థుడు వేయు లెక్క నొకటి వేసి చూతము. ప్రభుత్వ భూనిర్వహణ శాఖవారి బయళ్ళలో సాధారణముగ ఒక్కచోట 14 దినములకు మించి నిలువరాదు. నలుగురుగల కుటుంబము ఆ గడువంతయు నుండదలచినచో, త్రాగుటకే 212 లీటర్లు కావలెను. 150 లీటర్ల తొట్టిగల బండి యందుకే చాలదు. ఇక వంట, గిన్నెలు కడుగుట, పిల్లల చేతులు, ముఖములు కడుగుట వేరు. నడుమ ఊరికిబోయి నీరు నింపుకొనక తప్పదు. స్నానమునకును గిన్నెలకును వాడిన నీరు ఒక తొట్టిలోను, మరుగుదొడ్డి మురుగు వేరొక తొట్టిలోను నిలువయుండును. దానిని పారబోయుటకు ఏర్పరచిన చోటికి మోసికొనిపోవలెను. పైకప్పుమీది సూర్యఫలకములు దీపము వెలిగింపగలవు, సంచితములో విద్యుత్తును నింపగలవు. నీటిచుక్కను మాత్రము పుట్టింపలేవు. తీగలను విడిచితి మని చెప్పుకొనువారు ఊరి కుళాయిని విడువలేదు. దాని నడుమ దూరమును మాత్రమే పెంచుకొనిరి.

ఈ ప్రదేశమును గూర్చి నేడు వెలువడు చిన్న చిన్న వృత్తాంతములయందు మెచ్చదగిన గుణములు లేకపోలేదు. ఏ బాటలో ఇసుక మెత్తగా నుండునో, ఏ ఋతువున గాలి తీవ్రముగా వీచునో, సంచితమును ఎట్లు కాపాడవలెనో ఇవి యోపికతో జెప్పును. కొత్తవారి ప్రాణములను గాపాడు సంగతు లివి. వీనిని హేళన చేయు పండితులతో మేము ఏకీభవింపము. కాని ఉపకరణముల లెక్క ముగిసి, భావము మొదలిడిన చోటనే వీని బలహీనత బయటపడుచున్నది. ‘ఖాళీ’, ‘స్వేచ్ఛ’, ‘అంటరాని ప్రకృతి’ యను మూడు మాటలతో లోయ యంతయు ముగియును. గిన్నె కడిగిన నీటిని కొలిచి వాడిన యిల్లాలు ఆ వృత్తాంతమున గనబడదు. శిఖరమెక్కిన యజమాని ఏకాంతమే కనబడును. ఆ పీఠభూమి రాళ్ళమీద పూర్వులు చెక్కిన చిత్రములు కలవు. 2012లో దొంగలు వానిలో కొన్నింటిని రంపములతో కోసికొనిపోయిరి. 2013లో అధికారులు వానిని తిరిగి సంపాదించిరి గాని, కొండకు గలిగిన గాయము మానునది కాదు. ‘ఇచ్చట నెవ్వరును లేరు’ అని పదే పదే వ్రాయుటకును, ఎవ్వరును లేరని తలచి కోసికొనిపోవుటకును నడుమ దూరము మన మనుకొన్నంత యెక్కువ కాదు.

ఇదే లోయను గూర్చి నూరేండ్లకు పూర్వము వ్రాసిన గ్రంథము నొకదానిని వీనిప్రక్కన నుంచి చూడుడు. మేరీ ఆస్టిన్ అను విదుషీమణి 1903లో ‘ది లాండ్ ఆఫ్ లిటిల్ రెయిన్’ అను పుస్తకమును ప్రకటించెను. పేరునకు అల్పవర్షభూమి యని యర్థము. పదునాలుగు ప్రకరణముల చిన్న గ్రంథ మది. ఆమె ఆ లోయలో గాపురముండి వ్రాసెను. మకాము చేసి వ్రాయలేదు. పుస్తకము మొదటనే ఎడారిలో మనుష్యు లెట్లు చనిపోవుదురో చెప్పుచు, తన దాహమును తక్కువగా నంచనా వేసికొనుట, ఒక కొండగుర్తును తప్పి పోవుట, ఉన్న దనుకొన్న యూట యెండియుండుట యను వానికి విరుగుడు లేదని హెచ్చరించును. తరువాత జంతువులు నీటికి నడచిన సన్నని బాటలను వర్ణించుటకే యొక ప్రకరణము నుపయోగించెను. కుందేలు, నక్క, పక్షి ఏ వేళ ఏ దారిని ఊటకు వచ్చునో ఆ బాటలను బట్టి చదువరికి బోధపడును. పొలములకు బారు కాల్వలయొద్ద రైతులు పోట్లాడుకొనుటయు, ఆయుధములతో కాపు గాయుటయు వేరొకచోట గలదు. నీ రెక్కడిదను మొదటి ప్రశ్నకు ఈ గ్రంథమువలె సమాధానము చెప్పిన యెడారి గ్రంథములు మిగుల నరుదు.

మూడవ ప్రశ్నకును ఆమె యోర్చి నిలిచెను. బుట్టలల్లు సేయావి యను పయూట్ స్త్రీ కథ యం దొకటి కలదు. తెల్లవారితో జరిగిన పోరులో తన వారెల్ల నశింపగా, ఆ తల్లి బిడ్డతో గూడ నల్లరాయి గుహలలో దాగి, తుంగదుంపలును నత్తగుల్లలును దిని బ్రతికెను. నేడు సెలవు గడపవచ్చినవారు ఏకాంతమును వెదకికొను ఆ లావారాతి బిలములే ఆమెకు నాడు ప్రాణరక్షణ స్థానము లైనవి. పయూటులు ఆ లోయను ‘పాయాహూనాదూ’ అందురు. నీరు ప్రవహించు చోటని యర్థము. వారు తెల్లవారికంటె ముందే అచ్చట కాల్వలు త్రవ్వి నేలను తడిపిరి. 1863లో సైన్యము వారిలో వందలకొలది జనులను లోయనుండి వెడలించి దక్షిణమునకు నడిపించుకొని పోయెను. ఆస్టిన్ గ్రంథమునకు లోపము లేకపోలేదు. స్థలముల పేర్లను మార్చి మరుగుపరచుటచే చదువరికి జాడ తెలియదు. సేయావి మనసులోని మాటలకంటె రచయిత్రి తత్త్వమే కొన్నిచోట్ల ముందుకు వచ్చును. అయినను లోయను ఖాళీ చేయలే దనుట ఆమెకు గొప్ప ప్రశంస.

ఆ పుస్తకము వెలువడిన పదియేండ్లకు, 1913లో, లాస్ ఏంజిలిస్ నగరమువారు సుమారు 375 కిలోమీటర్ల పొడవుగల జలవాహినిని నిర్మించి ఓవెన్సు నదిని తమ నగరమునకు మళ్ళించుకొనిరి. ఆస్టిన్ దంపతులు ఆ యత్నమునకు ప్రతికూలురు. ఆమె 1917లో ప్రకటించిన ‘ది ఫోర్డ్’ అను నవలకు ఈ నీటితగవే యాధారము. లోయ కడపటనున్న ఓవెన్సు సరస్సు 1920ల దశకముననే యెండిపోయెను. ఎండిన యడుగునుండి లేచిన ఉప్పుదుమ్ము బహుకాలము ఆ దేశమందలి దుమ్ములలో మిక్కిలి తీవ్రమైన దని పేరొందెను. 2000 తరువాత నగరమువారు దానిని అణచుటకు ఆ నేలపై మరల నీరు విడువవలసి వచ్చెను. లోయ నేలలో చాలభాగము నేటికిని ఆ నగరముదే. కావున అచ్చటి నిర్జనత్వమును జూచి పరవశించు యాత్రికుడు తెలిసికొనవలసిన సంగతి యొకటున్నది: ఆ యెడారిలో కొంత ప్రకృతి చేసినది, కొంత గొట్టము చేసినది. లాస్ ఏంజిలిస్ నుండి వచ్చినవాడు తన యింటి కుళాయినుండి దిగిపోయిన నదియొక్క ఖాళీ పడకను జూచి, ‘ఆహా, ఎంత ప్రశాంతము!’ అని వ్రాయుచున్నాడు.

ఆ ప్రశాంతతలో తమ యిచ్ఛ లేకయే నివసించినవారి గ్రంథ మొకటి కలదు. లోయ నడుమ మంజనార్ అను చోటున్నది. స్పానిషు భాషలో ఆ మాటకు ఆపిల్ తోట యని యర్థము. నీటిహక్కులు నగరమున కమ్ముడుపోవకమునుపు అచ్చట నిజముగానే తోట లుండెను. 1942 నుండి 1945 వఱకు అమెరికా ప్రభుత్వము జపాను సంతతివారిని అచ్చట నిర్బంధించెను. వారి సంఖ్య యొకప్పుడు 10,000కు మించెను. ఏడేండ్ల ప్రాయమున అచ్చటికి జేరిన జీన్ వకత్సుకి హ్యూస్టన్ తన భర్తయగు జేమ్స్ డి. హ్యూస్టన్‌తో గలిసి 1973లో ‘ఫేర్‌వెల్ టు మంజనార్’ ప్రకటించెను. పలకల సందులనుండి రాత్రియెల్ల చొచ్చుకొనివచ్చిన యిసుకను, అడ్డుగోడలు లేని మరుగుదొడ్లలో స్త్రీలు పడిన సిగ్గును, అట్టపెట్టెను చుట్టును బెట్టుకొని తల్లి తన మర్యాదను గాపాడుకొన్న విధమును అందు జదివినచో, మురుగును గూర్చిన మా రెండవ ప్రశ్న యెంత మానవీయమో తేటపడును. అదే గాలి, అదే దుమ్ము, అదే పర్వతము. తిరిగిపోవుటకు బండి వాకిట నున్నవానికి అది యందము. ముండ్లతీగ లోపలివానికి అది శిక్ష.

మరి యీ యేకాంత పూజ సాహిత్యమున నెట్లు ప్రబలెను? ఓవెన్సు లోయకు వెలుపలి గ్రంథములను రెంటిని ఇచ్చట స్మరింపక తప్పదు. ఎడ్వర్డ్ ఆబీ 1968లో ప్రకటించిన ‘డెజర్ట్ సాలిటైర్’ నేటి మకాము రచయితలలో ననేకులకు గురుస్థానము. అది యూటా రాష్ట్రపు ఇసుకరాతి నేలను గూర్చినది. ఆయన అచ్చట ప్రభుత్వోద్యోగిగ ఒక చక్రములయింటనే గాపురముండెను. విద్యుద్యంత్రమును నడిపినంతసేపు దాని చప్పుడును వెలుగును తనకును రాత్రికిని నడుమ గోడ కట్టుచున్నవని ఆయన వ్రాసిన భాగము మిక్కిలి సత్యమైనది. ఉద్యానములలోనికి మోటారుబండ్లను రానీయరా దని ఆయన తీవ్రముగ వాదించెను. శిష్యులు ఆయన యేకాంతమును గైకొనిరి గాని ఆ వాదమును విడిచిరి. విద్యుద్యంత్రమును సైతము వెంట దీసికొని పోవుచున్నారు.

రెండవది జెస్సికా బ్రూడర్ 2017లో ప్రకటించిన ‘నోమాడ్‌లాండ్’. 2008 నాటి ఆర్థికవిపత్తు తరువాత ఇండ్లు పోగొట్టుకొనియో, అద్దె చెల్లింపజాలకయో బండ్లలో గాపురము పెట్టిన వృద్ధుల చరిత్ర మది. వారు గిడ్డంగులలో సరకులెత్తి, బీటుదుంపలు ఏరి, ఉద్యానములలో మరుగుదొడ్లు కడిగి, చలికాలమున అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌సైట్ దాపున గూడుదురు. నీరు, పెట్రోలు, కూలి, మోకాళ్ళనొప్పి యన్నియు ఆ గ్రంథమున లెక్కకు వచ్చినవి. బండి పేరొక్కటే, బయలొక్కటే. ఒకరికి సెలవు, ఒకరికి కడపటి గూడు. ఈ భేదమును మాకు జూపినందుకు ఆమెకు కృతజ్ఞులము. ఆ గ్రంథము నాధారము చేసికొని క్లోయీ జావ్ నిర్మించిన చలనచిత్రము 2020లో వెలువడి, 2021లో ఉత్తమ చిత్రముగ ఆస్కారు బహుమతి నందెను. అందు సూర్యాస్తమయములు కన్నులపండువుగ నున్నవి, ప్రధాన పాత్ర దుఃఖము నిజమైనది. కాని గిడ్డంగిపని గ్రంథమునందున్న కష్టమును గోల్పోయి, ఒక ఋతువువలె వచ్చి పోవును. పేదరికమును వైరాగ్యమువలె జూపుట మన పురాణపఠనములకు గొత్తకాదు. దానిని ఎచ్చట జూచినను ప్రశ్నించుట సంస్కారప్రియుల ధర్మము.

‘సౌందర్యమును జూచి యానందించువాని చేతికి కొలపాత్ర నిచ్చెదరా?’ అని కొందరు మమ్ము నాక్షేపింపవచ్చును. సౌందర్యమును మేము కాదనము. చీకటిలో ఆ పీఠభూమిపై నిలిచి పాలవెల్లిని జూచినవాడు మాటాడక యూరకుండుట యుచితమే. కాని గ్రంథము వ్రాయబూనినవాడు ఊరకుండుటకు బూనుకొనలేదు. వర్ణనకును లెక్కకును విరోధము లేదని మన భాషయే సాక్ష్యమిచ్చుచున్నది. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికిబోయి వచ్చి వ్రాసిన ‘కాశీయాత్రచరిత్ర’ 1838లో అచ్చయ్యెను. ఆయనయు డేరాలతో, పరివారముతో నడచినవాడే. దిగిన ప్రతి మజిలీలో నీటివసతి యెట్టిది, అంగళ్ళలో నేమి దొరకును, దారి యెట్లున్నది, అచ్చటి ప్రజ లేమి చేసి బ్రతుకుదురు అని ఆయన వ్రాసిపెట్టెను. ఆ గ్రంథము నేటికిని సజీవముగ నుండుటకు ఆ లెక్కలే ముఖ్యకారణము. గుడిని వర్ణించినవారు వేలు. గుడిముందటి బావినీటి రుచిని జెప్పినవారు కొందరు.

కావున ఆ దేశముననున్న మన యువతీయువకులు ఆ నల్లరాతి బయళ్ళకు బోవలదని మేము చెప్పము. తప్పక పోవలెను, పిల్లలను గొనిపోవలెను, నేల యెట్లు మండెనో, నది రాతి నెట్లు తొలిచెనో కన్నులార జూపవలెను. గాజురాతి పెంకు నొకదానిని జేబులో వేసికొనక, అది పూర్వు లొకరు బాణపుములికి చెక్కగా రాలిన పెంకని చెప్పి, ఉన్నచోటనే యుంచవలెను. తిరిగివచ్చి వ్రాయునప్పుడు సూర్యోదయమునకు ఒక పుట నిచ్చినచో, తొట్టిలోని నీరు ఏ యూరిదో, ఏ మంచుకొండనుండి దిగెనో చెప్పుటకు అరపుట యైన నీయవలెను. పాయాహూనాదూ అను పేరు నొక్కసారియైన వ్రాయవలెను. గిన్నెలు కడిగినవారి పేరును విడువరాదు.

అట్టి వృత్తాంతము తెలుగున వచ్చిననాడు, పుటలెన్నియని యడుగక, మేము దానిని ఆదరముతో జదువుదుము.